స్నేహితుడు చెప్పిన పుస్తకము

ఉదయము తొమ్మిది గంటల వేళ అమీర్‌పేటలో రాయదుర్గము వైపు పోవు మెట్రో రైలు ఎక్కిన వారికి నిత్యము ఒక దృశ్యము కనబడును. పెట్టెలో నిలుచుటకు చోటు దొరకుటయే కష్టము. ఒక చేయి పైనున్న పిడిని పట్టుకొని యుండును. రెండవ చేతిలో సెల్‌ఫోను ఉండును. బొటనవ్రేలు ఆగక కదలుచుండును. యూసుఫ్‌గూడ, పెద్దమ్మ గుడి, మాధాపూర్, దుర్గం చెరువు అని స్టేషన్ల పేర్లు ఒకదాని వెంట ఒకటి వినబడుచుండును గాని తల యెత్తి చూచువారు తక్కువ. హైటెక్ సిటీ రాగానే బండి చాల వరకు ఖాళీ యగును. అంతమంది విద్యావంతులు, అంతసేపు, అంత శ్రద్ధగా ఒకే పనిలో మునిగి యుండుట మన నగరములో మరెక్కడను కానరాదు.

ప్రక్కవారి ఫోనులోనికి తొంగిచూచుట మర్యాద కాదు. అయినను ఆ రద్దీలో కన్ను పడకుండ ఉండుట సాధ్యము కాదు. ఒకనాడు నా ముందు నిలిచిన ఒక అమ్మాయి ఫోనులో, కాఫీ కప్పు ప్రక్కన పెట్టి తీసిన ఒక తెలుగు నవల ఫోటో కనబడినది. స్నేహితురాలు కాబోలు, క్రింద ‘తప్పక చదవండి’ అని వ్రాసినది. ఈ అమ్మాయి దానిపై ఎఱ్ఱని హృదయపు గుర్తు నొక్కి, మరుక్షణమే ముందునకు సాగిపోయినది. ఇంతకును పట్టిన కాలము రెండు క్షణములు. ఆ రెండు క్షణములలో ఒక పుస్తకమును ఒకరు సిఫారసు చేయుటయు, మరియొకరు దానిని అందుకొనుటయు, ఇద్దరును దానిని మరచుటయు జరిగిపోయినవి. ఈనాడు నేను మనవి చేయదలచినది ఆ రెండు క్షణములను గూర్చియే.

మొదట ఆ ప్రదేశమును తలచుకొందము. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాధాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిరి. అప్పుడు దాని చుట్టును కనబడినవి రాళ్లు, తుప్పలు. ఈనాడు మాధాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కలసి ఒక మహానగరమైనవి. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు 2019 మార్చిలోను, అక్కడి నుండి రాయదుర్గము వరకు అదే యేడు నవంబరులోను నడువసాగినది. శ్రీకాకుళము నుండి ఆదిలాబాదు వరకు గల యూళ్లనుండి వచ్చిన యువతీయువకులు అక్కడి హాస్టలు గదులలో, అద్దె యిండ్లలో కాపురముందురు. కలసి చదివిన స్నేహితుడు ఇదే నగరములో మరియొక మూలనుండును. కాని ఇద్దరి సెలవులు కలియవు, పనివేళలు కలియవు. అందుచేత వారి స్నేహము నిలుచుటకు ఉన్న అరుగు ఒక్కటే, అది ఫోను. కావున ఆ ఫోనును నిందించుట నా యుద్దేశము కాదు. అరుగుపై కూర్చున్న వారిని ‘ఎందుకు కూర్చున్నారు?’ అని గద్దింప నేల? అక్కడ జరుగు సంభాషణ ఎట్టిదని విచారించుట మాత్రము ఉచితము.

ఒక సంగతి నిజము. పుస్తకములను గూర్చిన మాట ఇంతగా నడచిన కాలము పూర్వము లేదు. ‘ఈ యేడు చదువవలసిన పది పుస్తకములు’, ‘నా జీవితమును మార్చిన అయిదు నవలలు’ అను జాబితాలు ప్రతిదినము ఫోనులోనికి వచ్చి పడుచుండును. మాట పెరిగినది. చదువు పెరిగినదా? ఈ ప్రశ్నకు ఎవరికి వారే తమ గుండెపై చేయివేసికొని సమాధానము చెప్పుకొనవలెను.

మాట పెరిగి చదువు పెరుగకుండుటకు ఒక కారణము ఆ యంత్రపు నిర్మాణములోనే కలదు. పూర్వము పత్రికలో పుట చివర ఒక హద్దు ఉండెడిది. అక్కడ కన్ను ఆగెడిది, మనస్సు ఆలోచించెడిది. 2006లో ఆజా రాస్కిన్ అను అమెరికా దేశపు రూపకర్త, క్రిందికి పోయిన కొలదియు కొత్త విషయము తనంతట తాను వచ్చి చేరు పద్ధతిని రూపొందించెను. అందులో పుట చివర అనునది లేదు. తాను చేసిన పనికి తరువాత ఆయనయే బహిరంగముగా విచారము వెలిబుచ్చినాడు. 2009లో ఫేస్‌బుక్కు వారు ‘లైక్’ అను మీటను ప్రవేశపెట్టిరి. ఒకరు చెప్పిన మాటకు బదులు చెప్పవలసిన శ్రమ దానితో తీరిపోయినది. చివరలేని పుట ఒకవైపు, బదులక్కరలేని సంభాషణ మరియొక వైపు. ఈ రెంటి నడుమ చిక్కిన పుస్తకము, ఊరేగింపులో తప్పిపోయిన పిల్లవానివలె, అందరికిని కనబడును గాని ఎవరింటికిని చేరదు.

మన పెద్దలు పుస్తకములను ఎట్లు ఇండ్లకు చేర్చిరో ఇక్కడ జ్ఞాపకము చేసికొనుట మంచిది. 1901 సెప్టెంబరు 1వ తేదీన ఇదే హైదరాబాదులో, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారు ఆ పనికి పూనుకొన్న వారిలో ముఖ్యులు. తెలుగునకు రాజాదరణము లేని కాలమది. తెలుగు పుస్తకము ఒకచోట దొరకుటయే అప్పటికి గొప్ప సంగతి. మరి కొంతకాలమునకు, 1935లో, గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై నడచు పడవలలో గ్రంథాలయములను ఏర్పాటు చేసిరి. పడవ నెమ్మదిగా సాగును. ప్రయాణికునకు తీరిక ఉండును. ఆ తీరికకు చేరువలో ఒక పుస్తకమును పెట్టవలెనని వారి యూహ. మెట్రో రైలులో ఫోను పట్టుకొని నిలుచున్న వారిని చూచినప్పుడెల్ల నాకు ఆ పడవలే జ్ఞాపకమునకు వచ్చును. తీరిక ఇప్పటికిని ఉన్నది. దాని చేరువలో పెట్టినదేమి అన్నదే ప్రశ్న.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి సంగతి ఇంకను హృదయంగమమైనది. ఆయన వంటపని చేసి, హోటలులో పనిచేసి, స్వయంకృషితో చదువుకొన్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాను ప్రచురించిన పుస్తకములను తానే మోసికొని తెలంగాణములోని ఊరూర తిరిగి అమ్మెను. పుస్తకమును మోసికొని వచ్చి ‘ఇది మీరు చదువదగినది’ అని చెప్పు మనుష్యుని మాటకు ఒక బరువుండును. వినువాని ముఖము ఆయనకు కనబడును; మరల ఆ యూరికి పోయినప్పుడు ఆ మాటకు సమాధానము చెప్పుకొనవలసియుండును. మన భాషలో దీనికి చక్కని మాట కలదు: పూచీ. ఆయన పుస్తకమునకు పూచీపడెను.

ఈ పూచీ అను మాటయే నా ప్రసంగమునకు కీలకము. ఒకనికి అప్పు ఇప్పింపవలెనన్న, మనము జామీను నిలుచుటకు ముందు పదిమార్లు ఆలోచింతుము. అప్పు తీరని పక్షమున నష్టపోవునది మనమే. ‘ఈ పుస్తకము చదువుము’ అని స్నేహితునితో చెప్పుటయు అట్టిదే. ఒక మోస్తరు నవల చదువుటకు ఆరేడు గంటలు పట్టును. ఉద్యోగము, ప్రయాణము, వంట, నిద్ర పోను మాధాపూరు యువకునికి వారములో మిగులు తీరిక దాదాపుగా అంతే. ఆ వారమంతటికిని మనము జామీను నిలుచుచున్నామన్నమాట. ఎదురుగా నున్న ఒక్కనికి చెప్పునప్పుడు ఈ బరువు మనకు తెలియును. వాట్సాప్ బృందములో నేడు 1024 మంది వరకు చేరవచ్చును. అంతమందికి ఒకేమారు ‘తప్పక చదవండి’ అని చెప్పినవాడు ఎవనికి పూచీపడినట్లు? ఎవనికిని కాదు. వినువానికిని ఆ సంగతి తెలియును. అందుచేతనే అతడు హృదయపు గుర్తు నొక్కి సాగిపోవును. తప్పు అతనిది మాత్రమే కాదు.

పుస్తకములు దొరకవను సాకు ఇప్పుడు చెల్లదు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను మహాప్రయత్నములో ఒక ముఖ్యకేంద్రముగా పనిచేసినది. 2000 తరువాతి సంవత్సరములలో అక్కడ పాత తెలుగు పుస్తకములను పుటపుటకును యంత్రము క్రింద పెట్టి బొమ్మలుగా భద్రపరచిరి. తాతలనాడు అచ్చై, పురుగులు తినిన అలమరలలో మూలుగుచుండిన గ్రంథములు ఈనాడు ఎవరి ఫోనులోనికైనను వచ్చును. భాషానిలయ స్థాపకులు కలలోనైన ఊహింపని సంపద ఇది. విచిత్రమేమన, ఆ యంత్రములు పనిచేసిన ప్రాంతమునకు కూతవేటు దూరములో నివసించు వేలమంది దాని నెన్నడును తెరచి యుండరు. తెరచినవాడు సైతము ఆ మహాసముద్రము ఒడ్డున నిలిచి, ఏ నీటిని త్రాగవలెనో తెలియక వెనుదిరుగును. గ్రంథాలయశాస్త్ర పితామహుడు ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో, ప్రతి పుస్తకమునకును దాని పాఠకుడు దొరకవలెననునది ఒకటి, పాఠకుని కాలమును వృథా చేయరాదనునది మరియొకటి. ఈ రెండు సూత్రములను ఏకకాలమున నెరవేర్పగల శక్తి ఒక మంచి గ్రంథాలయాధికారికి కలదు. అట్టివాడు అందుబాటులో లేనిచోట ఆ శక్తి స్నేహితునికే కలదు. మన పేరు, మన యూరు, మన కష్టము, మన నవ్వు తెలిసినవాడు అతడే గదా!

ఇక్కడ ఒక చిన్న కథ చెప్పుదును. ఇది కల్పన కాదు. నాకు పరిచయమైన ఒక యువకుడు చెప్పినది. అతడు కొండాపూరులో నివసించుచు ఒక కంపెనీలో పనిచేయుచున్నాడు. ఇంజనీరింగులో సహాధ్యాయియైన మిత్రుడొకడు ఒక ఆదివారము ఆబిడ్సు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకముల నడుమ ఒక తెలుగు నవలను కొని, తాను చదివి, ఇతని చేతికిచ్చి, ‘ఇది నువ్వు చదవాలిరా’ అనెను. ఇతడు దానిని మంచము ప్రక్కన బల్లపై పెట్టెను. దాని అట్టను ఫోటో తీసి తన స్నేహితులకందరకు చూపెను. నలుబది మందికి పైగా మెచ్చుకొనిరి. పుస్తకము మాత్రము తెరువలేదు.

పదునైదు దినముల తరువాత మిత్రుడు ఫోను చేసి, ‘చదివావా?’ అని అడిగెను. ఇతడు మొగమాటముతో, ‘చదివానురా, చాలా బాగుంది’ అనెను. అవతల కొంతసేపు మౌనము. ‘సరేలే’ అని మిత్రుడు ఫోను పెట్టివేసెను. తరువాత మాటలు తగ్గినవి. మూడు నెలలు గడచినవి. ఒక రాత్రి కరెంటు పోయి, ఫోనులో చార్జింగు అయిపోయి, చేయునది లేక ఇతడు ఆ నవలను కొవ్వొత్తి వెలుగులో తెరచెను. అందులో ఒక గృహస్థు ఉద్యోగము పోయిన సంగతి ఇంట చెప్పుకొనలేక, ప్రతి ఉదయము సంచి తగిలించుకొని ఎప్పటివలెనే బయలుదేరి, సాయంకాలము వరకు ఊరంతయు తిరిగి ఇల్లు చేరుచుండును. ఆ పుట అంచున మిత్రుడు పెన్సిలుతో రెండు మాటలు వ్రాసియుండెను: ‘నేనూ ఇంతే.’

ఆ రాత్రియే ఇతడు మిత్రుని గదికి పోయెను. నాలుగు మాసములు అతనికి ఉద్యోగము లేదు. హాస్టలులో ఎవరికిని తెలియనీయక ఉదయమున ల్యాప్‌టాప్ సంచితో బయటికి పోయి, ఏ పార్కులోనో కూర్చుండి వచ్చెడివాడట. దైవానుగ్రహమున, అప్పటికి వారము క్రిందటనే మరియొక చోట పని దొరకినది. ‘నాకెందుకు చెప్పలేదు?’ అని ఇతడు నిలదీసినప్పుడు మిత్రుడు చెప్పిన సమాధానమును నేను మరువలేను. ‘నోటితో చెప్పలేకపోయానురా. పుస్తకం చెబుతుందనుకున్నాను. నువ్వు చదివానన్నావు. చదివి కూడా ఏమీ అడగలేదే అనుకున్నాను.’

ఇందులో ఎవరిది ద్రోహము? ఎవరిదియు కాదు. చదువకయే చదివితినని మొగమాటమునకు పలికిన ఒక్క మాట! అట్టి మాటలు మనలో ఎందరము పలుకలేదు? కాని ఒకడు తన హృదయమును అట్టలో చుట్టి అందీయగా, రెండవవాడు అట్టకు ఫోటో తీసి తృప్తిపడెను. స్నేహితుడు సూచించు పుస్తకము తరచుగా సగము సంభాషణ. మిగిలిన సగము మనము చదివి పూర్తిచేయవలసినది. మెచ్చుకోలు గుర్తు ఆ సంభాషణను పూర్తిచేయదు, మూసివేయును.

ఇట్లనుట చేత సామాజిక మాధ్యమములన్నియు వ్యర్థములని ఎవరును భావింపకుందురు గాక. దశాబ్దములుగా అచ్చులో లేని పుస్తకము ఎవరి వద్దనున్నదో అని ఒకడు ఫేస్‌బుక్కులో అడుగగా, ఎక్కడి డల్లాసు నుండియో ఒక తెలుగువాడు ‘మా తాతగారి పెట్టెలో ఉన్నది’ అని పుటలు పంపు కాలమిది. చిన్న పట్టణములోని రచయిత తన పుస్తకమును తానే అచ్చువేసికొని, దూరముననున్న పాఠకులకు చేర్చుకొనుటకును ఈ మార్గమే ఆధారమైనది. ఇది గొప్ప మేలు. మార్గము మంచిదే. కాని మార్గము గమ్యము కాదు. వదంతులు ప్రబలి ప్రాణములకే ముప్పు వాటిల్లిన పిమ్మట, 2018లో వాట్సాప్ వారు మన దేశములో ఒక సందేశమును ఒకేమారు అయిదు చోట్లకు మించి పంపుటకు వీలులేకుండ కట్టడి చేసిరి. 2020లో, పలుమార్లు చేతులు మారిన సందేశమును ఒకేమారు ఒక్క చోటికి మాత్రమే పంపవలెనని నియమించిరి. అబద్ధమునకు ఆ యంత్రము విధించిన హద్దును పుస్తకములను సూచించునప్పుడు మనము స్వచ్ఛందముగా విధించుకొన్నచో ఎంత బాగుండును! ఒక పుస్తకము, ఒకమారు, ఒక్క మనుష్యునికి.

ఆచరణకు కష్టము కాని నాలుగు మాటలు చెప్పి ముగింతును. మొదటిది: పూర్తిగా చదివిన పుస్తకమునే సూచింపుడు. అట్టను చూచి మెచ్చుకొనుట పెండ్లిపందిరిని చూచి దాంపత్యమును పొగడుట వంటిది. రెండవది: ఎవరికి చెప్పుచున్నారో వారికి అది ఎందుకు తగునో ఒక్క వాక్యము చెప్పుడు. ‘బాగున్నది’ అనుట చాలదు. ‘మీ నాన్నగారి సేద్యము సంగతి చెప్పితివే, ఇందులో అట్టివాడొకడున్నాడు’ అన్నచో ఆ పుస్తకమునకు కాళ్లు వచ్చును. మూడవది: వీలైనచో ప్రతినే చేతికిండు. పరహస్తగతమైన పుస్తకము తిరిగి రాదని పెద్దలు భయపెట్టిరి, నిజమే. కాని స్నేహమునకై పోయిన పుస్తకము పోయినట్లు కాదు. నాలుగవది అన్నింటికన్న ముఖ్యమైనది, పుచ్చుకొనువారి ధర్మము: చదువనిచో చదువలేదని చెప్పుడు. నచ్చనిచో నచ్చలేదని చెప్పుడు. నిజము చెప్పినందువలన చెడిపోవు స్నేహములు కొద్ది. ‘చదివాను, బాగుంది’ అను అబద్ధమువలన చల్లబడునవి అనేకము.

రేపటి యుదయము రాయదుర్గము బండిలో నిలుచుండి ఈ మాటలు జ్ఞాపకము చేసికొనువారు ఒక్కరైనను ఉందురని నా యాశ. అట్టివారు తమ ఫోనును దాచివేయ నక్కరలేదు. దానిలోనే, మిత్రుడెన్నడో పంపగా హృదయపు గుర్తు పెట్టి మరచిన పుస్తకము పేరొకటి వెదకుడు. ఈ ఆదివారము ఆ పుస్తకమును సంపాదించి, మొదటి ఇరువది పుటలు చదివి, ఆ మిత్రునికి ఫోను చేయుడు. సందేశము పంపవద్దు, గొంతు వినబడునట్లు మాటలాడుడు. ‘ఇది నాకు ఎందుకు చెప్పావు?’ అని అడుగుడు. ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము ఏ జాబితాలోను దొరకదు.